షమీని లక్నోకు ఇచ్చేద్దామా?

2025 నవంబర్ 14, శుక్రవారం రాత్రి. ఎవరిని ఉంచుకుంటున్నారో, ఎవరిని వదిలేస్తున్నారో ఐపీఎల్ జట్లు చెప్పడానికి మర్నాడే గడువు. సన్‌రైజర్స్ హైదరాబాద్ తన ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ షమీని లక్నో సూపర్ జెయింట్స్‌కు ట్రేడ్ చేస్తోందన్న వార్త అప్పటికే టీవీల్లో తిరుగుతోంది. కరీంనగర్‌లో మా స్నేహితుడి ఇంట్లో ఆ వార్త మీదే మామా అల్లుళ్లకు వాదం పడింది. మామ ఈ మధ్యనే రిటైరైన టీచర్. 2009లో జోహన్నెస్‌బర్గ్‌లో డెక్కన్ ఛార్జర్స్ కప్పు గెలిచిన రాత్రి నుంచి హైదరాబాద్ జట్టు మనిషి. మేనల్లుడిది ఆదిలాబాద్. జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాడు, పత్తి సీజన్ మధ్యలో ఒక పెళ్లి కోసం వచ్చాడు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. అంకెలు మాత్రం సరిచూసుకున్నాను, ఇద్దరూ ఆవేశంలో ఉన్నారు మరి.

మామ: ఏందిరా అల్లుడా, షమీని లక్నోకు పంపుతున్నరట గద మనోళ్లు?

అల్లుడు: పంపుతె పంపనీ మామా. నాకైతే మంచిగనే అనిపిస్తున్నది.

మామ: మంచిగనా? 2023 ప్రపంచ కప్పుల ఏడు మ్యాచులు ఆడి 24 వికెట్లు తీసినోడురా. అదే ఏడు ఐపీఎల్‌ల 28 వికెట్లు, పర్పుల్ క్యాప్. గసొంటోడు మన టీమ్‌ల ఉన్నడంటె అదృష్టం అనుకోవాలె.

అల్లుడు: 2023ది 2023లనే అయిపోయింది. మన దగ్గరికొచ్చి ఏం చేసిండో అది చెప్పు. 2025ల తొమ్మిది మ్యాచులు, ఆరు వికెట్లు. ఓవర్‌కు పదకొండు పరుగులకు పైననే ఇచ్చిండు. ఏప్రిల్ 12న పంజాబ్ మీద యాదికున్నదా? నాలుగు ఓవర్లల 75. ఒక్క వికెట్ పడలే.

మామ: యాదికున్నది. ఆ మ్యాచ్ మనమే గెలిచినం.

అల్లుడు: గెలిపించింది అభిషేక్ శర్మ. 55 బంతులల్ల 141 కొట్టిండు కాబట్టి గెలిచినం. అసలు 246 కొట్టాల్సిన గతి ఎందుకు పట్టింది?

మామ: ఆ పిచ్ మీద ఎవ్వడేసినా అంతేరా. మార్చి 23న అదే మన ఉప్పల్ గ్రౌండ్‌ల మనోళ్లు 286 కొట్టిండ్రు, రాజస్థాన్ బౌలర్ ఆర్చర్ నాలుగు ఓవర్లల 76 ఇచ్చుకున్నడు. మూడు వారాలు తిరగకుంటనే షమీ 75. ఐపీఎల్ పుట్టినప్పటి సంది గంత ఎక్కువ పరుగులిచ్చినోళ్లు ఇగ ఎవ్వలు లేరు. ఇద్దరికి ఒక్క గ్రౌండ్‌లనే గట్లయ్యిందంటె తప్పు బౌలర్‌దా, గ్రౌండ్‌దా?

అల్లుడు: నేను గూడ అదే అంటున్న. షమీ సీమ్ నిలబెట్టి ఒక్క లెంగ్త్ మీద వేస్తడు. బంతి ఇటో అటో జరంత కదిలితె ఆయనంత బౌలర్ లేడు. కదలకపోతె అదే లెంగ్త్ బ్యాటర్‌కు పండుగ. ఉప్పల్‌ల బంతి కదులుడు బందయ్యింది. మనిషికి ముప్పై అయిదేండ్లు వచ్చినయి. మడమ ఆపరేషన్ అయ్యి 2024 సీజన్ మొత్తం ఆడనే లేదు. పది కోట్లు ఆయన మీదనే ఎందుకు పెట్టాలె?

మామ: పోయిన నెల రంజీ చూసినవా? బెంగాల్ తరఫున రెండు మ్యాచులల్ల 15 వికెట్లు. గుజరాత్ మీద రెండో ఇన్నింగ్స్‌ల 38 పరుగులకు అయిదుగురిని పంపిండు. దెబ్బ తగిలి కోలుకునేటప్పుడు మనం భరించినం. మంచిగైనంక లక్నో వాళ్లు అనుభవించాల్నా?

అల్లుడు: రంజీల నాలుగు రోజులు టైముంటది మామా, ఇండ్ల నాలుగు ఓవర్లే.

(ఇక్కడ నేను అల్లుడి వైపే. టెస్టులకు పనికొచ్చే బౌలింగంతా ఇరవై ఓవర్ల ఆటకు పనికిరాదు. ఇది షమీని తక్కువ చేయడం కాదు. ఆట మారింది, ఉప్పల్ పిచ్ ఇంకా ఎక్కువ మారింది.)

మామ: సరే, ఆయనను పంపిండ్రనుకో. బదులు ఎవ్వలొస్తుండ్రు? మా టీచర్లల్ల మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ ఉంటది. నాకు నీ ఊరు గావాలె, నీకు నా ఊరు గావాలె, ఇద్దరం సంతకం పెడితె అటోళ్లు ఇటు, ఇటోళ్లు అటు. గిదేం ట్రేడ్‌రా, పోయేటోడే ఉన్నడు గని వచ్చేటోడు లేడు!

అల్లుడు: రెండు తీర్లుంటది మామా. ఆటగానికి ఆటగాడు ఒకటి. 2009ల మొదటిసారి ట్రేడ్ పెట్టినప్పుడు బెంగళూరు వాళ్లు జహీర్ ఖాన్‌ను ముంబైకి ఇచ్చి రాబిన్ ఉతప్పను తెచ్చుకున్నరు. ఇంకోటి ఉత్త పైసల ట్రేడ్. ఒక్కొక్క టీమ్ జీతాల మీద 125 కోట్లు దాటొద్దు. షమీ పది కోట్లు లక్నో లెక్కలకు పోతయి, మన లెక్కల పది కోట్ల జాగ అయితది. వచ్చే నెల వేలంల ఆ పైసలతోని ఎవ్వలనన్న కొనుక్కోవచ్చు.

మామ: ఎవ్వలనన్న అంటె ఎవ్వలని? మార్కెట్ల షమీలు కుప్పలు పోసి ఉన్నరా? పైగా మనిషిని అడగకుంట ఈ పెట్టెలకెళ్లి ఆ పెట్టెల పెట్టినట్టు ఏందిది?

అల్లుడు: అడగకుంట గాదు. ఆటగాడు సంతకం పెట్టకపోతె ట్రేడ్ కానే కాదు. మీకు 317 జీవో వచ్చినప్పుడు ఎవ్వలనన్న అడిగిండ్రా?

మామ: అడగలే. 2021 డిసెంబర్‌ల సీనియారిటీ లిస్టు ముంగట పెట్టుకొని జిల్లాలు పంచిండ్రు. ఎవ్వల ఇల్లు ఏడ ఉన్నదో చూడలే. భార్య ఒక జిల్లా, మొగుడు ఒక జిల్లా. మస్తు లొల్లయింది.

అల్లుడు: షమీకి ఆ తిప్పలు లేదు. ఊ అంటేనే పోతడు. ఇంకో ముచ్చట చెప్పాల్నా? షమీది ఏ ఊరు?

మామ: బెంగాల్‌కు ఆడుతడు గద.

అల్లుడు: ఆడుడు బెంగాల్‌కు. పుట్టింది ఉత్తరప్రదేశ్ల అమ్రోహా దిక్కు ఒక పల్లె. సొంత రాష్ట్రంల ఛాన్స్ దొరకక చిన్నప్పుడే కోల్‌కతా బాట పట్టిండు. ఇన్నేండ్లకు లక్నో వాళ్లు పిలుస్తున్నరు. వాళ్ల ఫాస్ట్ బౌలర్లు మయాంక్ యాదవ్, మొహ్సిన్ ఖాన్ దెబ్బలతోని 2025ల అక్కరకు రాలే. వాళ్లకు అవసరం, ఈయనకు పుట్టిన రాష్ట్రం. మనం అడ్డం పడుడెందుకు?

మామ కాసేపు మాట్లాడలేదు. రిమోట్ తీసుకుని ఛానల్ మార్చాడు. అక్కడా అదే వార్త. ఓడిపోయాడని అల్లుడు అనుకున్నట్టున్నాడు గానీ, టీచర్ ఉద్యోగం చేసినవాడు అంత తొందరగా సంచి సర్దుకోడు.

మామ: నువ్వు ఒక్క షమీని చూస్తున్నవు. నేను పదేండ్ల లెక్క చూస్తున్న. మన టీమ్ ఏం టీమ్‌రా అసలు? బౌలింగ్ టీమ్. 2016, 2017 వరుసగ రెండేండ్లు భువనేశ్వర్‌కు పర్పుల్ క్యాప్. 2018ల ముంబైల వాంఖడే గ్రౌండ్ మీద మనోళ్లు 118కి ఆలౌటైతె, ఆ ముంబై టీమ్‌ను 87కే కూలగొట్టిండ్రు. ఆ రాత్రి మన వాడకట్టుల పటాకులు కాల్చిండ్రు. నూట పద్దెనిమిది పరుగులు కాపాడుకునే టీమ్ ఇప్పుడు రెండొందల ఎనభై కొట్టి గూడ భయపడుతున్నది.

అల్లుడు: ఆట మారింది గద మామా.

మామ: ఆట మారలే, మనోళ్లు ఇడిసిపెట్టిండ్రు. రషీద్ ఖాన్ 2022ల గుజరాత్‌కు పోయిండు, గుజరాత్ మొదటి ఏడే కప్పు కొట్టింది. వార్నర్‌ను 2021ల నడి సీజన్‌ల కెప్టెన్సీ నుంచి తీసేసి బయట కూసోబెట్టిండ్రు. అదే ఏడు నవంబర్‌ల ఆస్ట్రేలియాకు టీ20 ప్రపంచ కప్పు వస్తె టోర్నీ మొత్తంల ఉత్తమ ఆటగాడు ఆయననే. భువనేశ్వర్ పదకొండేండ్లు మనకు చాకిరి చేసిండు. 2024 వేలంల బెంగళూరు 10.75 కోట్లకు పట్టుకపోయింది. 2025 జూన్ 3న బెంగళూరుకు పదిహేడేండ్లల మొదటి కప్పు. ఫైనల్ల ఒక్క ఓవర్ల రెండు వికెట్లు తీసింది ఎవ్వలు? భువినే గద. మనం ఇడిసిపెట్టినోళ్లందరు పోయిన కాడ కప్పులు ఎత్తుతున్నరు. మళ్ల ఇప్పుడు షమీ.

అల్లుడు: (నవ్వుతూ) అయితే లక్నోకు కప్పు ఖాయం అంటవు.

మామ: నవ్వకురా. నా కడుపుమంట నీకు తెల్వదు.

అల్లుడు: సరే, ఒక్కటి అడుగుత. 2018ల శిఖర్ ధావన్‌ను మనోళ్లు ఢిల్లీకి ట్రేడ్ చేసిండ్రు. అప్పుడు గూడ నువ్వు గిట్లనే ఒర్లినవని అమ్మ చెప్పింది. ఆ ట్రేడ్‌ల మనకు ముగ్గురు వచ్చిండ్రు. విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, ఇంకొక్క పిల్లగాడు. వేలంల ఆ పిల్లగాని ధర 55 లక్షలు. ఎవ్వలో యాదికున్నదా?

మామ: ...

అల్లుడు: అభిషేక్ శర్మ మామా! ఇంతకుముందు మనం చెప్పుకున్న పంజాబ్ మ్యాచ్‌ను గెలిపించినోడు. ఇయ్యాల ఆయన ధర 14 కోట్లు. ట్రేడ్ లేకుంటె అభిషేక్ మనకెక్కడ దొరుకుతుండె?

మామ: దొరికిండు, ఒప్పుకుంట. గని లెక్క మొత్తం చెప్పు. ధావన్ ఢిల్లీకి పోయినంక 2019ల 521 పరుగులు, 2020ల 618. వరుసగ రెండు సెంచరీలు. ఢిల్లీ ఫైనల్ దాకా పోయింది. మన అభిషేక్ 204 స్ట్రైక్ రేట్‌తోని ఉతికింది 2024ల. అంటె ఆరో సీజన్ దాకా ఓపిక పట్టినంక. ట్రేడ్ మంచిదా చెడ్డదా అనేది పొద్దుగాల తెల్వదు, ఆరేండ్లకు తెలుస్తది. మీ తరానికి ఆరు వారాల ఓపిక లేదాయె.

అత్తమ్మ వంటింట్లోంచి కేకేసింది: “బువ్వ చల్లగైతున్నది. ఆ షమీ ఏ ఊర్ల ఉన్నా ఆయన బువ్వ ఆయన తింటడు, మీరు లేచి రాండ్రి.”

లేచారు గానీ, కంచాల ముందు కూడా అదే ముచ్చట. మామ కూతురు అమెరికాలో బోస్టన్ పక్కన ఉంటుంది. రెండేళ్ల కిందట అక్కడికి వెళ్లొచ్చినప్పటి నుంచి ఆయనకు బేస్‌బాల్ పిచ్చి కూడా పట్టింది. ఆ కథ ఇప్పుడు బయటికి తీశాడు.

మామ: నీకు బేబ్ రూత్ తెలుసారా? బోస్టన్ రెడ్ సాక్స్ టీమ్‌ల పిచ్చర్. పిచ్చర్ అంటె మన బౌలర్ తీరు, బంతి ఇసిరేటోడు. ఆయనున్నప్పుడు బోస్టన్‌కు మూడుసార్లు టైటిల్ వచ్చింది, ఆఖరుది 1918ల. బ్యాటింగ్ గూడ మస్తు చేస్తుండె. 1919 డిసెంబర్‌ల వాళ్ల ఓనర్ లక్ష డాలర్లకు న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మిండు. మళ్ల బోస్టన్‌కు టైటిల్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 2004ల. ఎనభై ఆరేండ్లు! తాతలు పోయిండ్రు, తండ్రులు పోయిండ్రు, మనుమలు చూసిండ్రు.

అల్లుడు: నేను గూడ ఒకటి చదివిన మామా. కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ టీమ్‌కు పన్నెండేండ్లు ఆడిండు. 1969ల ఒక్క మాట అడగకుంట ఫిలడెల్ఫియాకు ట్రేడ్ చేసిండ్రు. నేను పోనన్నడు. సుప్రీంకోర్టు దాకా కొట్లాడి 1972ల ఓడిపోయిండు. ఆయన ఆట ఖతమైంది గని మూడేండ్లకే ఆటగాళ్లను కట్టేసి పెట్టుకునే ఆ రూల్ కూలిపోయింది. పదేండ్లు ఆడి, చివరి అయిదేండ్లు ఒక్క టీమ్‌లనే ఉన్నోనికి ట్రేడ్ వద్దనే హక్కు అక్కడ ఇప్పుడున్నది. నువ్వు రూత్‌ను అమ్మినోని కథ చెప్తున్నవు. నేను అమ్ముడువోయినోని దిక్కుకెళ్లి చూస్తున్న.

మామ: మన దగ్గర గూడ జడేజాను 2010ల ఏడాది బ్యాన్ చేసిండ్రు గద, వేరే టీమ్‌తోని మాట్లాడుకున్నడని.

అల్లుడు: ఆ జడేజానే ఇప్పుడు చెన్నై రాజస్థాన్‌కు ఇస్తున్నదట, సంజూ శాంసన్ కోసం. రాజస్థాన్ ఆయన మొదటి టీమ్. అప్పుడు ఆటగాడు మాట్లాడుకుంటె తప్పు, ఇప్పుడు టీమ్ మాట్లాడుకుంటె వ్యూహం.

(ఈ మాటకు నేను చప్పట్లు కొట్టాను. మామ నా వైపు కోపంగా చూశాడు.)

మామ: సరే, ఆటగానికి హక్కున్నది, ఓనర్‌కు లెక్కలున్నయి. మరి నా సంగతేంది? పదహారేండ్ల సంది చూస్తున్న. నారింజ రంగు అంగీ తొడుక్కొని కూసుంట. నన్నెవ్వలు అడుగుతరు?

అల్లుడు: ఎవ్వలడగరు మామా. నీ టీమ్ అని నువ్వనుకుంటున్నవు. అసలు అది ఎవ్వలది? 2012ల డెక్కన్ ఛార్జర్స్ మూతపడ్డంక చెన్నై సన్ టీవీ వాళ్లు ఏడాదికి 85.05 కోట్ల లెక్కన కొన్నరు. ఈ ఏడు మార్చిల పాసుల కాడ క్రికెట్ అసోసియేషన్‌తోని లొల్లయితె టీమ్ వాళ్లు ఏమన్నరు? గిట్లనే సతాయిస్తె హైదరాబాద్ ఇడిసి వేరే గ్రౌండ్‌కు పోతమన్నరు. ముఖ్యమంత్రి విజిలెన్స్ ఎంక్వైరీ ఏసేదాకా పోయింది. టీమే ఊరు ఇడుస్తనంటె లేని బాధ, షమీ పోతె ఎందుకొస్తున్నది?

మామ: బెదిరించిండ్రు, పోలేదు గద!

అల్లుడు: నీకు ఉప్పల్ నూట అరవై కిలోమీటర్లు. మాకు మూడొందలు. నాగ్‌పూర్ మాకు రెండొందలే. మొన్న ఫిబ్రవరి 6న ఇండియా, ఇంగ్లండ్ వన్డే జామ్‌ఠా గ్రౌండ్‌ల చూసి, రాత్రికి రాత్రి ఇంటికొచ్చినం. మా ఆదిలాబాద్‌ల మస్తు మంది మరాఠీ మాట్లాడుతరు, విదర్భ రంజీ గెలిస్తె సంబురపడుతరు. ఉమేశ్ యాదవ్ తండ్రి బొగ్గు గనిల పనిచేసిండు. మా బెల్లంపల్లి, మందమర్రి పిల్లగాండ్లకు ఆయన కథ సొంత కథ లెక్కనే ఉంటది. సన్‌రైజర్స్‌ల నాకు ఇష్టమైనోడు ఎవ్వలో తెలుసా? హర్ష్ దూబే. విదర్భ స్పిన్నర్. పోయిన రంజీ సీజన్‌ల 69 వికెట్లు తీసిండు, ఒక్క సీజన్‌ల గన్ని ఎవ్వలు తీయలే.

మామ: అంటె హైదరాబాద్ నీకు పట్టదా?

అల్లుడు: పట్టబట్టే అడుగుతున్న. మన తెలంగాణ బౌలర్ ఒక్కడు ఆ టీమ్‌ల ఎందుకు లేడు? సిరాజ్ ఏడున్నడు?

ఇక్కడి నుంచి వాదం తిరిగిపోయింది. నిజానికి ఆ రాత్రి ఇద్దరి మనసులో ఉన్నది షమీ కాడని నాకప్పుడు అర్థమైంది.

మామ: సిరాజ్ ముచ్చట ఎత్తకు. నాకు దుఃఖమొస్తది.

అల్లుడు: ఎత్తాలె మామా. ఆటో నడిపేటాయన కొడుకు. హైదరాబాద్‌కు రంజీల 41 వికెట్లు తీస్తె, 2017ల మన టీమే 2.6 కోట్లకు తీసుకున్నది. ఆరు మ్యాచులల్ల పది వికెట్లు తీసిండు. 2018 పెద్ద వేలం ముంగట వార్నర్‌ను, భువిని పెట్టుకొని సిరాజ్‌ను ఇడిసిండ్రు. బెంగళూరు అదే 2.6 కోట్లకు పట్టుకపోయింది. ఏడేండ్లు అక్కడనే. 2024 వేలంల గుజరాత్ 12.25 కోట్లకు తీసుకుంటె, మనోళ్లు షమీకి పది పెట్టిండ్రు. ఆయనకు ముప్పై ఏండ్లు, ఈయనకు ముప్పై నాలుగు.

మామ: ఏప్రిల్ 6 మ్యాచ్ నేను చూడలే. సిరాజ్ మొదటి ఓవర్లనే హెడ్‌ను అవుట్ చేయంగనే టీవీ బంద్ చేసిన.

అల్లుడు: మంచిగ చేసినవు. 17 పరుగులకు నాలుగు వికెట్లు. ఐపీఎల్‌ల ఆయనకు అదే బెస్ట్. నూరో వికెట్ గూడ అదే రాత్రి, అభిషేక్‌ది. ఉప్పల్‌ల, సొంతూరి జనం ముంగట, మన టీమ్ మీద! ఇంతకుముందు నువ్వు పిచ్‌ది తప్పన్నవు. అదే ఉప్పల్‌ల సిరాజ్ వేసిండు గద.

మామ: ఆ రోజు పిచ్ వేరేరా.

అల్లుడు: కావొచ్చు. ఆగస్టు 4న ఓవల్‌ల ఆఖరి వికెట్ తీసి ఆరు పరుగులతోని ఇండియాను గెలిపించిండు. అయిదు టెస్టులు ఒక్కటి ఇడవకుంట ఆడి 23 వికెట్లు. రాష్ట్ర ప్రభుత్వం డీఎస్పీ కొలువిచ్చింది. రాష్ట్రం మనోడంటున్నది, హైదరాబాద్ పేరు పెట్టుకున్న టీమ్‌ల జాగ లేదు. తిలక్ వర్మ ముంబైల ఉన్నడు. షమీ పోతుండని ఏడ్చుడు కాదు, సిరాజ్ రాలేదని అడుగుడు ఉన్నది.

మామ: అడుగుతె ఇస్తరా? గుజరాత్ వాళ్లు సిరాజ్‌ను ఎందుకు ఇడుస్తరు? ట్రేడ్ మంచిదని ఇంతసేపు చెప్పినవు గద, ఏం ఇచ్చి తెస్తవు సిరాజ్‌ను? ట్రేడ్‌తోని ఇంటి పిల్లగాండ్లు రారురా. ఇంట్ల ఉన్నప్పుడే కాపాడుకోవాలె. నువ్వు ఇప్పుడు చెప్పిన సిరాజ్ కథ నా వాదమే గని నీ వాదం గాదు. ఇడిసిపెట్టొద్దు అనేది నేను మొదటి సంది అంటున్న మాట!

అల్లుడు దీనికి జవాబు వెతుక్కున్నాడు. దొరకలేదు. నిజం చెప్పాలంటే నాకూ దొరకలేదు. షమీ విషయంలో అల్లుడు చెప్పింది సబబే. కానీ మామకు షమీ ఒక్క బౌలర్ కాదు, ఒక వరుసలో చివరివాడు. భువి, రషీద్, సిరాజ్, షమీ అని ఆయన వేళ్ల మీద లెక్కపెడుతుంటే, ఒక్కొక్కరిని విడిగా చూస్తే ప్రతి నిర్ణయానికీ ఒక కారణం కనిపిస్తుంది. నలుగురినీ కలిపి చూస్తే మాత్రం బౌలింగ్ మీద శ్రద్ధ తగ్గిందనే అనిపిస్తుంది.

అల్లుడు: ఇంకో మాట. తప్పు టీమ్‌దొక్కటే గాదు. మన జిల్లాల పిల్లగాండ్లను ఎవ్వలు చూస్తున్నరు? లీగులు హైదరాబాద్ క్లబ్బులయి, అసోసియేషన్ల ఓట్లు ఎక్కువ వాళ్లయే. దాని అధ్యక్షున్నే మొన్న జూలైల సీఐడీ అరెస్టు చేసింది. 2018ల జి. వెంకటస్వామి పేరు మీద తెలంగాణ టీ20 లీగ్ పెట్టిండ్రు. కరీంనగర్ పేరుతోని ఒక టీమ్, ఆదిలాబాద్ పేరుతోని ఒక టీమ్. నేను మా టీమ్ అని అప్పుడు మొదటిసారి అనుకున్న. అది ప్రతి ఏడు జరిగితె సన్‌రైజర్స్ వాళ్లు మనల్ని ఎతుక్కుంట వచ్చేటోళ్లు.

మామ: అది మాత్రం నిజం. మా స్కూల్ గ్రౌండ్‌ల గంట సేపు ఆపకుంట ఫాస్ట్ వేసే పిల్లగాండ్లను చూసిన. పదో తరగతి అయిపోంగనే వాళ్లు ఎటు పోయిండ్రో తెల్వదు. హైదరాబాద్ పోయి క్లబ్బుల చేరాలంటె కిరాయిలకే ఎల్లదు.

రాత్రి పదకొండు దాటింది. వాదం తెగలేదు. అల్లుడు మర్నాడు పెళ్లి చూసుకుని అటునుంచి అటే ఆదిలాబాద్ వెళ్లిపోయాడు.

నవంబర్ 15న జాబితాలు వచ్చాయి. షమీ పది కోట్ల ధరతోనే లక్నోకు వెళ్లాడు. జడేజా, శాంసన్‌ల ట్రేడ్ కూడా ఖాయమైంది. సిరాజ్‌ను గుజరాత్ ఉంచుకుంది. రెండు రోజుల తర్వాత మామ ఫోన్ చేస్తే నేను పక్కనే ఉన్నాను. స్పీకర్ పెట్టాడు.

మామ: జాబితా చూసినవారా? పదిహేను మందిని ఉంచుకున్నరు. హైదరాబాద్ రంజీ టీమ్‌ల ఆడేటోడు అండ్ల ఒక్కడన్న ఉన్నడా?

అల్లుడు: లేడు మామా. గని నా హర్ష్ దూబే ఉన్నడు. పర్సుల ఇరవై అయిదున్నర కోట్లున్నయి. మంచి ఫాస్ట్ బౌలర్‌ను తెస్తరు చూడు.

మామ: చూస్తనే ఉంట.

డిసెంబర్ 16న అబూధాబీలో మినీ వేలం జరిగింది. సన్‌రైజర్స్ తన పర్సులో సగానికి పైగా, 13 కోట్లు, ఒక్కరి మీదే పెట్టింది. అతను ఇంగ్లండ్ బ్యాటర్ లియామ్ లివింగ్‌స్టన్. భారత జట్టుకు ఆడిన ఫాస్ట్ బౌలర్ కావాలనుకున్నప్పుడు శివమ్ మావిని 75 లక్షలకు తీసుకుంది. ఆ రాత్రి మామ అల్లుడికి ఫోన్ చేయలేదు, అల్లుడే చేశాడట. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

కానీ ఒక్కటి తెలుసు. 2026 జనవరి 6న రాజ్‌కోట్‌లో విజయ్ హజారే ట్రోఫీ మ్యాచ్. హైదరాబాద్ ఎదురుగా బెంగాల్, బెంగాల్ బౌలర్లలో షమీ, ముకేశ్ కుమార్, ఆకాశ్ దీప్. హైదరాబాద్ ఓపెనర్ అమన్ రావు పేరాల 154 బంతుల్లో 200 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. తర్వాత సిరాజ్ నాలుగు వికెట్లు తీశాడు, హైదరాబాద్ గెలిచింది. అమన్ రావు కుటుంబానిది కరీంనగర్ జిల్లా. అబూధాబీ వేలంలో అతన్ని 30 లక్షలకు తీసుకున్నది రాజస్థాన్ రాయల్స్.